ఒంటిగది బడి గోడ మీది నీలి అక్షరాల గురించి

పాత కట్టడాల సంరక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఒంటిగది బడి గోడ మీది వాక్యమును వేరొకరి పేర భద్రపరచుటపై అభ్యంతరము.

సదరు బడిలో ఇరవై ఆరు సంవత్సరములు ఏకైక ఉపాధ్యాయునిగా పనిచేసి రిటైరైన నేను వినయపూర్వకముగా మనవి చేసుకొనునది:

1. సదరు బడి ఒకే గది. పై నాలుగు తరగతులు నాలుగు గోడల వైపు తిరిగి కూర్చునేవి, ఒకటో తరగతి మధ్యలో. ఒకరి చదువు మరొకరికి అడ్డం రాకూడదని, నాకు ముందు తొమ్మిదేళ్ళు పనిచేసిన మాస్టారు తూర్పు గోడ మీద "చిన్నగా చదువు, గట్టిగా అడుగు" అని నీలిరంగుతో రాశారు. బాగానే రాశారు. కాదనను.

2. ఆయన బదిలీ మీద వెళ్ళినా ఊరు ఆయన్ని వదల్లేదు. నా వీడ్కోలు సభలో కూడా నన్ను "కొత్త మాస్టారు" అనే పిలిచారు. నా భార్య ఆయన శిష్యురాలు. ఇంట్లో ఏ లెక్క తప్పినా, ఏ మేకు వంకరగా దిగినా "మా మాస్టారైతేనా" అని మొదలుపెడుతుంది. ఇన్నేళ్ళు ఈ మాట విన్నవాడికి కడుపు మండదా అన్నది తమరే ఆలోచించగలరు.

3. తమ సిబ్బంది గత వారం సదరు వాక్యమును పరిశీలించి, అది పాత మాస్టారి స్వహస్తమని తేల్చి, దానికి గాజు పలక బిగించుటకును, పక్కన ఆయన పేరుతో బోర్డు పెట్టుటకును వచ్చే సోమవారం నిర్ణయించినారు. ఇది పొరపాటు. నేను చేరిన ఏడే గోడలకు సున్నం వేయించగా ఆ వాక్యం మాసిపోయింది. మా పెళ్ళయిందీ ఆ ఏడే. ఖాళీ గోడ చూసి నా భార్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బడి తలుపు వేసుకుని, సున్నం కింద మసకగా కనబడుతున్న అక్షరాల మీదే నీలిరంగుతో దిద్దాను. సున్నం కడిగితే బయటపడ్డాయని అబద్ధమాడాను. ఆ తర్వాత ఏటా సున్నం, ఏటా దిద్దుడు. ఒక మూల గోకించి చూసినచో పొరలన్నీ బయటపడగలవు. దిద్దీ దిద్దీ నా సొంత రాత పోయి ఆయన రాతే వచ్చింది. ఈ అర్జీ చూస్తే తమకే తెలుస్తుంది.

4. కావున బోర్డు మీద ఆయన పేరు తీసి నా పేరు వేయించవలెనని ప్రార్థన. ఆయనకు ఊరంతా ఉంది. నాకు ఈ గోడ ఒక్కటే.

తమరు చిత్తగించి సోమవారం లోపల న్యాయం చేయవలెను.

తమ విధేయుడు,
(ఇప్పటికీ) కొత్త మాస్టారు

తా.క. కవరులో పెట్టేలోపు నా భార్య దీన్ని చదివింది. కోప్పడుతుందనుకున్నాను. "మొదటి ఏడే తెలుసు. మీ చొక్కా చేతుల మీది ఆ నీలిరంగు ఏటా ఎవరు ఉతికారనుకున్నారు?" అంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే మరుసటేడు రాసేవారా?" అంది.

కావున నాలుగో అంశమును సవరించుకుంటున్నాను. ఆయన పేరు ఉండనివ్వండి. కింద నాది కూడా ఉండాలి. బోర్డు రాసే పని మాత్రం పెయింటరుకు ఇవ్వక నాకే ఇప్పించండి. రెండు పేర్లూ ఆ అక్షరాలతోనే రాస్తాను. ఆయన పేరు కాస్త చిన్నదిగా వస్తే, కావాలని చేసింది కాదని ఇప్పుడే మనవి చేసుకుంటున్నాను.