ఎడమవైపు ఫొటో

జూన్ 4, బుధవారం

స్కిన్ క్లినిక్ వాళ్ళు రోడ్డువైపు గోడకి కొత్త పోస్టర్ పెట్టారు. ఎడమవైపు నేను. కింద బిఫోర్ అని రాశారు. ఎర్రటి బుగ్గలు, గడ్డం నిండా చీము పొక్కులు. కళ్ళ మీద నల్లపట్టీ వేశారు కానీ ఈ ముక్కుని నేను పనిచేసే షాపులో గుర్తుపట్టనిదెవరు? కుడివైపు ఆఫ్టర్. నున్నగా మెరిసిపోతోంది. దానికి నల్లపట్టీ లేదు. ముక్కు నాదే అనిపిస్తుంది. మొహం మాత్రం చెల్లిది.

నాకింకా తగ్గలేదు, వాళ్ళకేమో పోస్టర్ తొందర. నాకు తోడొచ్చి బెంచీ మీద కూర్చున్న చెల్లిని చూసి, అచ్చు గుద్దినట్టున్నారండీ, ఒక్క ఫొటో ప్లీజ్ అన్నాడట క్లినిక్ మేనేజర్. ఇది పళ్ళికిలించి నిలబడింది. ఇంటికొచ్చి, నీకు తగ్గాక ఎలాగూ ఇలాగే ఉంటావుగా అక్కా, కాస్త ముందు తీశారనుకో అంది. అమ్మ పగలబడి నవ్వింది.

నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోయింది.

జూన్ 6

నా మొహం కథ రాసి పెట్టుకోవాలి. నిరుడు గడ్డం మీద నాలుగంటే నాలుగు మొటిమలు. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. వారంలో మొటిమల్లేవు, రంగు తేలాను. ఇక వదల్లేదు. ఏడాది పూశాను. తర్వాత ఎండలోకి వెళ్తే మంట, నీళ్ళు తగిలితే మంట, పై పెదవి మీద నూగు మీసం. ట్యూబు ఆపితే నిప్పులు పోసినట్టు ఎర్రబడి పొక్కులు. మళ్ళీ పూస్తే తగ్గడం, ఆపితే రావడం.

డాక్టరమ్మ కడిగేసింది. అది స్టీరాయిడ్, ఎగ్జిమాకి నాలుగు రోజులు రాసే మందుని పౌడర్‌లా పూసుకుంటావా, చర్మం ఉల్లిపొరలా పల్చబడింది చూడు అంది. ట్యూబు బంద్. క్యాప్సూల్స్, రాత్రికి బఠాణీ గింజంత జెల్, పొద్దున్న సన్‌స్క్రీన్. తగ్గేముందు ఇంకా పెరుగుతుంది, నెలలు పడుతుంది, ఓపిక పట్టు అంది. ఓపిక ఏ షాపులోనూ అమ్మరు.

ఈలోగా సెంట్ల కౌంటర్ పోయింది. ఐదేళ్ళు నేను నిలబడ్డ చోటు. మా ఫ్లోర్ ఇన్‌చార్జికి మేం పెట్టిన పేరు ఇస్త్రీ, చొక్కా మీద ఒక్క ముడత ఉండదు. కస్టమర్ మొహం చూసి సెంటు కొంటాడమ్మా, నీ గొంతు బాగుంటుంది, పైన మైక్ గదిలో కూర్చో అన్నాడు. నా చోట, అదే షాపులో పనిచేసే చెల్లిని నిలబెట్టాడు. అది వద్దనలేదు.

జూన్ 7

మైక్ గది మూడో అంతస్తులో, స్టాఫ్ బాత్రూముల పక్కన. కిటికీ లేదు. ఒక బల్ల, ఒక సొరుగు, ఒక మైకు. తప్పిపోయిన పిల్లలు, మర్చిపోయిన గొడుగులు. ఏ ప్రకటనైనా మూడుసార్లు చదవాలి, నిదానంగా, గొంతులో ఏ భావమూ ఉండకూడదు. నాకది బాగా వచ్చింది.

జూన్ 19

షాపంతా నన్ను బిఫోర్ అంటున్నారు. చెల్లి ఆఫ్టర్ అట. లిఫ్టు బాయ్ కూడా, బిఫోర్ అక్క పైకా కిందకా అని అడిగాడు.

జూన్ 20

చెల్లికి ముక్కు పక్కన ఒక మొటిమ వచ్చింది. ఒక్కటే. అద్దం ముందు కూర్చుని ఏడుపు. అక్కా, నువ్విప్పుడు సగం డాక్టరువి, ఏదైనా ఇవ్వవే అంది. డాక్టరమ్మ ఇచ్చిన మాయిశ్చరైజర్ ఉంది, కలిపి ఇస్తాలే అన్నాను.

కలిపి అనే మాట నోట్లోంచి ఎందుకు వచ్చిందో నాకు తెలుసు.

జూన్ 21

మెడికల్ షాపతను నన్ను గుర్తుపట్టి, మళ్ళీ మొదలెట్టారా మేడం అన్నాడు.

జూన్ 22

చిన్న గాజు సీసా. సగం మాయిశ్చరైజర్, సగం ట్యూబు. ఐస్‌క్రీంలా తెల్లగా కలిసింది. అది మురిసిపోయి మూత మీద నెయిల్ పాలిష్‌తో గులాబీరంగు పువ్వు వేసుకుంది, అమ్మ తీసి వాడేస్తుందని.

జూలై 3

మెరుస్తోంది. ఇస్త్రీ దాన్ని షాపు గుమ్మం దగ్గరే నిలబెట్టాడు, లోపలికొచ్చే వాళ్ళందరూ ముందు దాన్నే చూడాలని. అమ్మ దిష్టి తగులుతుందేమో అని దిగులు పడుతోంది. నాకూ మొదట్లో ఇలాగే మెరిసింది.

ఆగస్టు 12

ఇవాళ చెల్లి గొడవ పెట్టుకుంది. బట్టల కౌంటర్ పిల్ల నన్ను బిఫోర్ అంటే, ఇంకోసారి మా అక్కనలా అంటే పళ్ళు రాలగొడతానందట. అందరిముందూ అందట. ఇస్త్రీ చేత చీవాట్లు కూడా తింది.

విన్నాక సీసా తీసి పారేద్దామనే ఇంటికొచ్చాను. గుమ్మంలోనే ఎదురొచ్చి, క్రీము అయిపోయిందక్కా అని సీసా చాపింది. మంచిదే పోసి ఇవ్వచ్చు. డాక్టరమ్మ ఇచ్చిన బుడ్డి పక్కనే ఉంది. దాని బుగ్గ మీద ఒక్క మచ్చ లేదు.

ట్యూబు పిండాను.

సెప్టెంబర్ 15

దాని బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు తేలాయి. ఎండ తగిలితే మంటగా ఉందక్కా అంటోంది. కొన్నాళ్ళు ఏమీ పూయకు, చర్మానికి గాలి తగలనీ అన్నాను. ఆపితే ఏమవుతుందో దానికి తెలియదు.

సెప్టెంబర్ 21

వచ్చేసింది. పొద్దున్న లేచేసరికి మొహం బూరెలా పొంగి, ఎర్రబారి, గడ్డం నిండా పొక్కులు. చున్నీ కప్పుకుని గది తలుపేసుకుంది. అమ్మ తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది. నాకు పొక్కులు లేచినప్పుడు అమ్మ, కందిరీగలు కుట్టినట్టుందే అని నవ్వింది.

నేను కడుపునిండా అన్నం తిన్నాను.

సెప్టెంబర్ 23

నేనే క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ దాని మొహం లెన్స్ పెట్టి చూసింది. ఏం పూశావు, ఇది ఊరికే వచ్చింది కాదు అంది. అక్క ఇచ్చిన మాయిశ్చరైజర్ తప్ప ఏమీ లేదు, ఒట్టు అంది చెల్లి. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. ఆ సీసా ఏదీ అంది.

తీసి ఇచ్చాను. కొత్త సీసా, నిఖార్సైన మాయిశ్చరైజర్. మూత మీద పువ్వు నేనే వేశాను, దానికన్నా బాగానే కుదిరింది. డాక్టరమ్మ వాసన చూసింది, వేలికి రాసుకుంది, వెనక్కిచ్చింది. చెల్లి నా చేయి పట్టుకుని, మా అక్కని అనుమానించకండి మేడం అంది. నాకు రాసిన మందులే దానికీ రాసింది. ఓపిక పట్టమంది.

అసలు సీసా, ఖాళీ ట్యూబులు మైక్ గది సొరుగులో ఉన్నాయి, చచ్చిన బ్యాటరీల వెనక. ఆ గదిలోకి నేను తప్ప ఎవరూ రారు. పారేయబుద్ధి కాలేదు. అప్పుడప్పుడు తీసి చూసుకుంటే కడుపు చల్లగా ఉంటుంది.

అక్టోబర్ 18

నా గడ్డం మీద ఇవాళ ఏమీ లేదు. వేలితో తడిమాను. నున్నగా ఉంది. మళ్ళీ తడిమాను.

నవంబర్ 5

క్లినిక్ మేనేజర్ ఫోన్. పోస్టర్ మారుస్తున్నారట. మీ స్కిన్ ఇప్పుడు అద్భుతంగా ఉంది మేడం, మీ చెల్లెలుగారి ప్రస్తుత ఫొటో ఒకటి ఇస్తే ఎడమవైపు వేస్తాం అన్నాడు. సిగ్గు లేదు వెధవకి. చెల్లిని నేనే అడిగాను. అది గోడకేసి తిరిగి పడుకుని, నీకు ఉపయోగమైతే ఇచ్చెయ్ అక్కా అంది.

ఇచ్చేశాను.

నవంబర్ 8, శనివారం

ఇస్త్రీ పిలిచాడు. సోమవారం నుంచి సెంట్ల కౌంటర్ మళ్ళీ నాదే! చెల్లి మైక్ గదికి. మానేస్తానంది కానీ అమ్మ ఒప్పించింది. సాయంత్రం ఇంట్లోనే పని నేర్పాను. గరిటె మైకులా పట్టుకుని, మూడుసార్లు, నిదానంగా, గొంతులో ఏ భావమూ ఉండకూడదు అని. చక్కగా పట్టేసింది. ఎన్నాళ్ళకో ఇంత సంతోషంగా ఉన్నాను.

నవంబర్ 10, ఉదయం 11.20

సొరుగు.

నవంబర్ 10, 11.45

రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళాను. ఇస్త్రీ రెండుసార్లూ వెనక్కి పిలిచాడు. వచ్చిన మొదటి రోజే కౌంటర్ వదిలేస్తావా, నవ్వుతూ నిలబడు అన్నాడు. నవ్వుతూ నిలబడ్డాను.

నవంబర్ 10, మధ్యాహ్నం

మైకు మోగింది. మూత మీద గులాబీరంగు పువ్వు వేసిన గాజు సీసా ఒకటి, కొన్ని ఖాళీ ట్యూబులు దొరికాయి, పోగొట్టుకున్నవారు మూడో అంతస్తులోని మైక్ గదికి వచ్చి తీసుకోగలరు అంది.

మూడుసార్లు చదివింది. నిదానంగా. గొంతులో ఏ భావమూ లేదు.