లేని వ్యానులోంచి వచ్చిన ఇంజిను

వాహనాల నమోదు అధికారి గారికి,

అయ్యా,

ఏడుగురు మనుషుల్ని ఎక్కించుకుపోయిన వ్యానును మీరు "లేదు" అని రాశారు. ఇప్పుడు ఆ వ్యాను ఇంజిను మా పెరట్లో మోగుతుంటే, దాన్ని కూడా లేకుండా చేయమని ఉత్తర్వు పంపారు. మొదటిది పొరపాటు అనుకుందామన్నా రెండోది అనుకోనివ్వడం లేదు.

విషయం: మా పాత పికప్ బండికి ఇంటివద్ద అమర్చుకున్న వేరే ఇంజినును తుక్కు కరిగించే మిల్లుకు అప్పగించవలెనన్న తమ ఉత్తర్వును రద్దు చేయుట గురించి, సదరు ఇంజిను ఎక్కడిదో విచారించుట గురించి, తెల్లమట్టి కంపెనీ వారు మడ్డిగుంట పూడ్చుటను ఆపుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని విన్నవించునది ఏమనగా:

1. నేను అచ్చు ప్రూఫులు దిద్ది బతికే మనిషిని. మిగతా వేళల్లో కరపత్రాలు రాస్తాను, సభల్లో మాట్లాడతాను. మీ గేటు ముందు బైఠాయించిన వాళ్లలో ముందు వరస నాదే కాబట్టి గుర్తుపట్టే ఉంటారు. నా భర్త మెకానిక్కు. మాకు ఆస్తి అనదగ్గది ఒక పాత పికప్. దాని ఇంజిను బ్లాకు పగిలింది. ఆ రకం ఇంజిను చేయడం ఎప్పుడో మానేశారు. అందుచేత తుక్కు బజారులో, ఏదో వ్యానుదట, ఒక డీజిల్ ఇంజిను రసీదుతో సహా కొన్నాము. ఇందులో దొంగతనం లేదు. దారిద్ర్యం ఉంది, అది నేరమైతే ఆ సంగతి వేరే అర్జీలో మాట్లాడుకుందాం.

2. సదరు ఇంజినును ఇంటివద్దనే అమర్చుకొనుట నేరమని తమ నోటీసులో ఉన్నది. అయ్యా, ఒక బండి గుండె తీసి ఇంకో బండిలో పెట్టడం చాటుగా చేసే పని కాదు. గేరుబాక్సుకూ ఇంజినుకూ బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో మందపాటి ప్లేటు లేతు మీద చేయించాము. ఇంజిను కూర్చునే కాళ్లు కోసి, జరిపి, మళ్లీ వెల్డింగ్ పెట్టాము. ఫ్యాను తగులుతోందని రేడియేటరును ముందుకు తోశాము. వానాకాలమంతా ఆ ఇంజిను మా అరుగు మీద రెండు టైర్ల మీద పడి ఉంది. తడవకూడదని పాత దుప్పటి కప్పాము. వచ్చినవాళ్లు వచ్చినట్టే గొంతు తగ్గించి "ఎవరికి బాగాలేదు?" అని అడిగేవారు. మేము నవ్వేవాళ్లం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నోరు చేదుగా ఉంటుంది.

3. ఇంజిను విప్పిన రోజున అడుగున ఉండే ఆయిలు తొట్టిలో ఆయిలు లేదు. తెల్లటి మెత్తటి బురద ఉంది. సిలిండర్లలోనూ అదే. అమ్మినవాడు వానకు తడిసిందన్నాడు. వాన ఇంజిను పైనుంచి పడుతుంది గాని, లోపలికి పోయి అడుగున పేరుకోదని మా ఆయన గొణిగారు, కానీ పని ఆపలేదు. అప్పుడే మా మరదలు, అంటే నా తమ్ముడి భార్య, టీ గ్లాసులతో వచ్చింది. వాళ్లది మా పక్క వాటానే. మా ఆయన చేతులు మణికట్టు దాకా తెల్లగా ఉన్నాయి. ఆమె ఆ చేతుల్నే చూస్తూ నిలబడిపోయింది. గ్లాసులు కింద పెట్టి వెళ్లిపోయింది. నా తమ్ముడు రోజూ సాయంత్రం అలాంటి చేతులతోనే ఇంటికొచ్చేవాడు.

4. ఇక్కడ నా తమ్ముడి గురించి చెప్పక తప్పదు. వాడు ఊరి బయట తెల్లమట్టి కంపెనీలో వ్యాను డ్రైవరు. కప్పులూ సాసర్లూ చేసే మట్టి అది. మా వీధి నుంచి ఆరుగురు పనివాళ్లను పొద్దున్నే ఎక్కించుకుపోయి, పగలంతా వాళ్లతో పాటే మట్టి పని చేసి, చీకటిపడకముందే దించేవాడు. బండి ఎంత నెమ్మదిగా నడిపేవాడంటే వీధి మొత్తం వాణ్ణి "నిదానం" అనే పిలిచేది. మూడేళ్ల కిందటి వానాకాలంలో ఒక పొద్దున వెళ్లిన వ్యాను తిరిగి రాలేదు. ఏడుగురు. మాకు వ్యానే లేదు, పనివాళ్లు ఎవరి తిప్పలు వాళ్లు పడి వస్తారని కంపెనీ చెప్పింది. అలాంటి వ్యాను మా పుస్తకాల్లో లేదని తమ కార్యాలయం రాసి ఇచ్చింది. పోలీసులు మాత్రం డ్రైవరు వ్యానుతో సహా పరారీ అని రాసుకున్నారు. లేని బండిని ఎత్తుకుపోయిన ఘనత లోకంలో నా తమ్ముడు ఒక్కడికే దక్కింది. అందులోనూ నిదానం పారిపోయాడంటే మా వీధిలో పిల్లలు కూడా నవ్వుతారు. నవ్వలేనిది ఒక్కటే, వాడి కూతురి బడిలో తండ్రి పేరు పక్కన "పరారీ" అని ఉంది.

నమోదు లేని వ్యాను రోజూ తమ తనిఖీ గేటు ముందు నుంచే పోయేది. దాన్ని ఆపకుండా ఉండటానికి తమ సిబ్బందికి ఏమి ముట్టిందో నేను అడగటం లేదు. అడుగుతాను, ఇవాళ కాదు.

5. ఇక అసలు సంగతి. అమరిక పూర్తయి, మొదటిసారి ఇంజిను స్టార్టు చేసింది పొద్దున పూట. కాసేపు దగ్గి, పొగ చిమ్మి, అందుకుంది. ఖాళీగా తిరుగుతున్నప్పుడు దానికో లక్షణం ఉంది. సాఫీగా పోతూ పోతూ ఒక చోట తడబడుతుంది, మనిషి మాట్లాడుతూ గుటక వేసినట్టు. మళ్లీ అందుకుంటుంది. మా ఆయన తల వంచి, అది ఎక్కడినుంచి వస్తోందా అని వింటున్నారు. నేను వీధి వైపు చూశాను.

మూడు తలుపులు తెరుచుకున్నాయి.

ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఎదురింటి కుట్టు మిషను ఆవిడ గడప దిగి వచ్చింది. చేతిలో క్యారేజీ ఉంది. ఖాళీ క్యారేజీ. ఎప్పుడు అందుకుందో ఆవిడకే తెలియదు. ఆమె భర్త ఆ ఏడుగురిలో ఒకడు. మూల ఇంట్లో మంచం దిగని పెద్దాయన ఉన్నాడు, కొడుకు ఆ వ్యానెక్కి పోయిన దగ్గర్నుంచీ మాట కూడా తగ్గిపోయింది. ఆయన లోపలినుంచి కోడల్ని కేకేశాడు: "వ్యానొచ్చిందే. వాణ్ణి లేపు."

మూడో తలుపు నా మరదలిది. ఆమె బయటికి రాలేదు. తలుపు తీసి పట్టుకుని నిలబడింది, లోపలికి ఎవరో రాబోతున్నట్టు, దారి ఇస్తున్నట్టు.

మా ఆయన ఇంజిను ఆపేశారు. ఆపకుండా ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అనుకుంటారు.

6. అయ్యా, నేను దయ్యాలు లేవని ఊరూరా తిరిగి చెప్పినదాన్ని. చెట్టు మీద ఏమీ లేదని చూపించడానికి చెట్టెక్కినదాన్ని. కనుక నా కళ్లనే నేను నమ్మలేదు. ఇంకో పొద్దున అదే వేళకు, అదే చోట, పక్క గ్యారేజీ నుంచి తెచ్చిన ఇంకో డీజిల్ బండిని స్టార్టు చేయించాను. ఒక్క తలుపూ కదలలేదు. పెద్దాయన ఆ చప్పుడేంటర్రా అని విసుక్కున్నాడంతే. మరుసటి రోజు మళ్లీ మా పికప్. కుట్టు మిషను ఆవిడ ఈసారి గడప దాకా వచ్చి ఆగిపోయింది, ఏడుస్తూ నన్ను తిట్టింది. ఎందుకమ్మా మా మీద ఈ పరీక్షలు, మేమేమన్నా ఎలకలమా అంది. ఇంక పరీక్షలు పెట్టలేదు. ఇప్పటికీ చెబుతున్నాను, దయ్యాలు లేవు. మనుషుల్ని దయ్యాలుగా మార్చే కార్యాలయాలు ఉన్నాయి.

7. ఈ సంగతంతా తమ తనిఖీ ఆవరణలో తమతో మనవి చేసుకున్నాము. బండికి గాలి సోకిందా అని తమ గుమాస్తా చమత్కరించాడు. తమరు నవ్వాపుకొని "అమ్మా, శబ్దం సాక్ష్యం కాదు" అన్నారు. బాగుంది. మరి తమ ఆవరణలో శబ్దం కొలిచే పరికరం ఎందుకు పెట్టారు? సైలెన్సరు చప్పుడు ఎక్కువైందని కుర్రాళ్లకు జరిమానా రాసేటప్పుడు సాక్ష్యమైన శబ్దం, మూడు ఇళ్ల వాళ్లు విన్నప్పుడు ఎందుకు కాకుండా పోతుంది? జరిమానా వచ్చే చోట చెవులుండి, జవాబు చెప్పాల్సిన చోట లేకపోవడం ఏ నిబంధన కింద వస్తుందో దయచేసి తెలియజేయగలరు.

8. ఇంజిను మీద నంబరు ఉండవలసిన చోట గ్రైండరుతో అరగదీసి ఉన్నది. కావున అది చెల్లని ఇంజిను, కావున మిల్లుకు పోవలెను: ఇది తమ ఉత్తర్వు సారాంశం. అరగదీసింది మేము కాదు, అది మీకూ తెలుసు. నంబరు చెరిపినవాడికి ఆ నంబరుతో భయం ఉంది. ఆ భయం ఎవరిదని అడగవలసిన మీరు, వాడు సగం చేసిన పని పూర్తిచేయడానికి మిల్లుకు పంపుతున్నారు.

ఇంకొక్క మాట. కంపెనీలో మట్టి కడిగిన తెల్లనీళ్లు వదిలే పెద్ద గుంట ఉంది. అదే మడ్డిగుంట. కట్ట మీది బాట దాని అంచునే పోతుంది. ఇంజిను లోపల ఉన్నది ఆ గుంట మడ్డే అయితే, ఆ వ్యాను ఆ గుంటలో పడింది. పడిన వ్యాను తుక్కు బజారుకు తనంతట తాను నడిచి రాలేదు. ఎవరో దాన్ని బయటికి లాగారు. గొలుసులు వేసి, క్రేను పెట్టి, ఇంజిను విప్పి, నంబరు చెరిపి అమ్మారు. ఇనుముకు ధర పలుకుతుంది కాబట్టి ఇనుము పైకొచ్చింది. లాగినవాళ్లకు వ్యానులో ఏమి కనబడింది? కనబడినవాళ్లను ఏమి చేశారు? మూడేళ్లుగా మా ఇళ్లలో ఏడు పక్కలు పరిచి ఉంటున్నాయి, అయ్యా. ఎత్తితే చనిపోయారని ఒప్పుకున్నట్టు, పరిస్తే పిచ్చివాళ్లమైనట్టు.

9. ఆ తడబాటు సరిచేయడానికి మా ఆయనకు ఒక పూట పని. ఏదో అరుగుదల, భాగం మారిస్తే పోతుంది. చెడ్డగా తిరిగే ఇంజినును ఆయన చెవి భరించదు. పానా పట్టుకుని కూర్చున్నారు కూడా. మరదలు వచ్చి పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, దాన్ని బాగుచెయ్యకు" అంది.

ఆయన పానా పక్కన పెట్టేశారు. ఇప్పుడామె పొద్దున్నే వచ్చి ఒకసారి స్టార్టు చేయమంటుంది. కాసేపు వింటుంది. పనికి పోతుంది. తప్పు అనడానికి నాకు నోరు రావడం లేదు. నా హేతువాదమంతా ఏమైపోయిందని మీరు ఎగతాళి చేయవచ్చు. చేసుకోండి.

10. మా మాట తమ ఆవరణ దాటిన మరునాటి నుంచే కంపెనీ వారు మడ్డిగుంటలో లారీలతో మట్టి పోయించుచున్నారు. తోట వేస్తారట. ఇన్నేళ్లు గుర్తురాని మొక్కలు ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చాయో తమకు చెప్పనక్కర్లేదు. ఒక వైపు తమ మిల్లు, మరో వైపు వాళ్ల లారీలు. ఈ రెండూ పూర్తయితే ఆ ఏడుగురు పుట్టలేదని కూడా రాసుకోవచ్చు.

అర్జీ చివర "తమ విధేయురాలు" అని రాయడం ఆనవాయితీ. ఆ చోటులో మా కోరికలు రాస్తున్నాను, చిత్తగించవలెను:

— ఇంజినును మిల్లుకు పంపే ఉత్తర్వు వెంటనే రద్దు చేయాలి. అది విచారణ అయ్యేవరకు మా పెరట్లోనే, మా కళ్లెదుటే ఉండాలి.

— ఒక పూట మేమే తమ ఆవరణకు తెస్తాము, తమరు స్వయంగా నిలబడి ఉండగా, దాన్ని స్టార్టు చేయించి ఏడు ఇళ్ల వాళ్ల వాంగ్మూలం రాసుకోవాలి. పెద్దాయన దగ్గరికి మీరే రావాలి.

— తుక్కు బజారులో దాన్ని ఎవరు అమ్మారో, అతనికి ఎవరు అమ్మారో వరసగా తేల్చాలి.

— నా తమ్ముడి పేరు పక్కనున్న "పరారీ" అన్న మాట ముందు బడిలో, తరువాత పోలీసు స్టేషనులో కొట్టేయాలి.

— మడ్డిగుంటలో మట్టి పోయడం ఇవాళే ఆపించాలి.

— గుంట నీళ్లు తోడించి, అడుగు దాకా తవ్వించాలి. తవ్వే రోజు ముందుగా చెప్పాలి. అంచున నిలబడటానికి మాకు చోటివ్వాలి.

— తవ్వేవరకు, వాళ్లు చనిపోయారని మాకు ఎవరూ చెప్పకూడదు. తవ్వాక, అక్కడ ఎవరూ లేరని ఎవరూ రాయకూడదు.