అగరబత్తి ఆరేదాకా

అక్టోబర్ 3, శుక్రవారం

ఫిజిక్స్ డ్రాప్ చేసి మూడు వారాలైంది. దాని బదులు సిరామిక్స్, అదే మట్టితో కుండలు చేసే క్లాస్, తీసుకున్నాను. ఫామ్ మీద నాన్న సంతకం నేనే పెట్టేశాను. ఇంట్లో ఎవరికీ తెలీదు. పదిహేడున రిపోర్ట్ కార్డ్ నాన్న ఈమెయిల్‌కి వెళ్తుంది.

గోళ్ళలో మట్టి పోవట్లేదు. అన్నం స్పూన్‌తో తింటున్నాను.

అక్టోబర్ 5, ఆదివారం

నా ఫ్రెండ్ థావ్ వాళ్ళింటికెళ్ళాను. వాళ్ళు వియత్నామీస్. ఇవాళ వాళ్ళ తాతయ్య చనిపోయిన రోజట. మన తద్దినంలాంటిదే. ఫోటో ముందు వంటలన్నీ పెట్టారు, ఆయనకిష్టమైన బీర్ క్యాన్‌తో సహా. ఆకలేసి ఒక స్ప్రింగ్ రోల్ తీసేశాను. వాళ్ళ బామ్మ నా చెయ్యి పట్టేసుకుని, ఆయనకంటే పెద్దదానివా నువ్వు అని ఒకటే నవ్వు. అగరబత్తి మొత్తం కాలాకే మనం తినాలట.

తర్వాత థావ్ ఫోటో ముందు నిలబడి, తాతయ్యా, డ్రైవింగ్ టెస్ట్ మళ్ళీ ఫెయిలయ్యాను, కారు ఫుట్‌పాత్ ఎక్కించేశాను అని చెప్పింది. గట్టిగా! వాళ్ళ డాడ్ పక్కనే ఉన్నారు. ఆయన మొహం ఎర్రబడింది కానీ ఒక్క మాట అనలేదు. అగరబత్తి ఆరాక మాత్రం, శనివారం నాతో రా, పార్కింగ్ లాట్‌లో నేర్పిస్తా అన్నారు.

అంతేనా?

అక్టోబర్ 6

లంచ్‌లో థావ్‌ని ప్రశ్నలతో చంపేశాను. అలా తిట్టకుండా ఉండటం అందరిళ్ళలో ఉండదట. అది బామ్మ పెట్టిన రూల్. పొగ ఉన్నంతసేపూ తాతయ్య వింటున్నట్టే, మధ్యలో ఎవరూ దూరకూడదు. మీ డాడ్ అంటే భయం లేదా అనడిగాను. బోలెడు అంది.

పెద్దవాళ్ళ పట్ల పిల్లలకి ఉండాల్సిన భక్తిని వాళ్ళు హియూ అంటారు. చెప్పిన మాట వినడమేగా అన్నాను. అదీ ఉందట. కానీ బామ్మకి దాచడమే పెద్ద తప్పు. మనమెవరో పెంచినవాళ్ళకే తెలియకపోతే, ఇంక వాళ్ళు ఎవర్ని పెంచినట్టు అంటుందట.

రోజంతా అదే తిరుగుతోంది బుర్రలో.

అక్టోబర్ 12

నాన్నకి చెప్పేద్దామని మూడుసార్లు ట్రై చేశాను. నోరు పెగల్లేదు.

అక్టోబర్ 16, గురువారం, సాయంత్రం 6:40

రేపే ఈమెయిల్. హాల్లో నానమ్మ ఫోటో ముందు అగరబత్తి వెలిగించాను. నాన్న సోఫాలో ల్యాప్‌టాప్‌తో ఉన్నారు. నానమ్మా, ఇది ఆరేదాకా నాన్న నన్ను తిట్టకూడదు, థావ్ వాళ్ళింట్లో ఇదే రూల్ అని మొదలుపెట్టాను. ఫిజిక్స్ చెప్పాను. సిరామిక్స్ చెప్పాను. సంతకం సంగతి చివర్లో.

ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు. నేను వెనక్కి తిరగలేదు. ఇక్కడే నేల మీద కూర్చుని రాస్తున్నాను.

7:05

ఇంకో అంగుళం ఉంది.

7:10

నాన్న వచ్చి దాని పక్కన ఇంకోటి వెలిగించారు. నా కోపం దిగడానికి ఒకటి చాలదమ్మా, అన్నారు నానమ్మతో.