వాడిన జొన్న

పెద్దారవీడు, ఆషాఢ బుధవారం.

సుబ్బన్న మామ మార్కాపురం సంతకు పోయినాడని ఇవ్వాళ గొర్రెల మందను నేను తోలినాను. వాన లేక మోకాటెత్తునే వాడిపోయిన జొన్నచేను కనపడింది. పాపం ఆకలిగా ఉన్నాయి గదా అని అందులోకి విడిచినాను. కాసేపటికే రెండు గొర్రెలు కిందపడి కొట్టుకొని చచ్చిపోయినాయి.

సాయంత్రం మామ వచ్చి చూసినాడు. తిట్టలేదు.

"మీ మద్రాసు కాలేజీలో జొన్న గురించి చెప్పరా, అల్లుడా?"

"చెప్తారు మామా."

"గొర్రె గురించి?"

"అదీ చెప్తారు."

"విషం గురించి?"

"అదీ చెప్తారు."

"అన్నీ చెప్తే ఇంకేందిరా మరి?"

ఇంట్లోకి వచ్చి పెట్టె తెరిచినాను. వాడిన లేత జొన్నలో విషం పుడుతుందని బోటనీ నోట్సులో ఉంది. ఆ విషం ఎంత త్వరగా చంపుతుందో కెమిస్ట్రీ నోట్సులో ఉంది. జువాలజీలో గొర్రె కడుపు బొమ్మ ఉంది. మూడూ నా చేతిరాతే, మూడింట్లోనూ మంచి మార్కులే. ముగ్గురు మేష్టర్లు మూడు గదుల్లో చెప్పినారు. ఒక గదిలోది ఇంకో గదికి మోసుకుపోవాల్సింది నేనే గదా. ఒక్కసారన్నా...

రేపటి నుంచి మంద వెంట అత్త పోతుందంట. అత్తకు అక్షరం ముక్క రాదు.

నన్ను ఇంట్లో కూర్చొని చదువుకోమన్నాడు మామ.