స్టోరు గది లేని హార్డ్ డిస్క్

నాన్నా,

నేను స్టూడియో నుంచి వచ్చేదాకా కంప్యూటర్ జోలికి వెళ్ళకు. ఫార్మాట్ అసలే చెయ్యకు. భోజనం టేబుల్ మీద మూతపెట్టి ఉంది.

హార్డ్ డిస్కుని ఇంటి ప్లానులా గీసి గోడకి అంటించావు, చూశాను. ముప్పై ఏళ్ళు ఊరందరి ఇళ్ళకీ ప్లాన్లు గీసినవాడివి, ఇదేం ప్లాను? మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లకి తలా రెండొందల యాభై జీబీ ఇచ్చావు. ఎప్పుడొస్తుందో తెలియని నాలుగోదానికి రెండొందలు, పైగా దాని మీద 'గెస్ట్ రూమ్' అని రాశావు! మన ఫైళ్ళన్నిటికీ కలిపి మెట్ల కింద యాభై. నేను ఇంట్లో ఎడిట్ చేస్తున్న పెళ్ళి ఫోటోలే మూడొందల జీబీ ఉన్నాయి. వాటిని నా నెత్తిన పెట్టుకోనా? ఇలాంటి ప్లాను ఇంకెవరైనా తెస్తే వాళ్ళ ఎదుటే చింపేసేవాడివి.

రోజూ వాడే సిస్టమ్‌కి రెండొందలు, నువ్వు నేర్చుకునేదానికి వంద చాలు. మిగతా ఏడొందలూ స్టోరు గదే. రాని చుట్టాలకి గది కట్టక్కర్లేదు.

ఇంకో మాట. నువ్వు గీసిన నాలుగొందల ఇళ్ళ ప్లాన్లు ఆర్నెల్లు కూర్చుని స్కాన్ చేశాను. కాగితాలు చెదలు తినేశాక అవి ఈ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు. నీ లెక్కలో వాటికి అంగుళం చోటు కూడా లేదు. నీ చేతిపనంటే నీకే ఇంత చులకనైతే ఎలా?

పవర్ కేబుల్ నా బ్యాగులో ఉంది, ఇల్లంతా వెతక్కు. రబ్బరు మాత్రం నీ పెన్సిల్ పక్కనే పెట్టాను.