కింది అంచు మీద కూర్చున్న పట్టీ

బాపూ,

ఎట్లున్నవ్? నువ్వు పోయాక ఒక ఎండాకాలం గడిచింది, వానలు కూడా సగం పడ్డాయి. మేమిక్కడ క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నమ్మాలని రూలేం లేదు.

ముందుగా ఒక శుభవార్త. నువ్వు పోయిన సంగతి ఈ లోకంలో ఇంకా ఒకరికి తెలియదు. మన ఇంటర్నెట్ కంపెనీ వాళ్లకి. వాళ్ల దృష్టిలో నువ్వు నిక్షేపంగా ఉన్నావు. కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, టింగుమని గంట కొట్టి "వెల్‌కమ్ బ్యాక్, నరసయ్య!" అంటుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ నీ పేరు ఏ భాషలో ఉన్నా గుర్తుపడుతుంది. ఆ గంట మోగగానే వంటింట్లోకి వెళ్లి ఊరికే గిన్నెలు సర్దుతుంది.

ఆ గంట కొట్టే పట్టీ గుర్తుందా... మరిచిపోతావా నువ్వు?

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవాడు ఒక సీడీ వేసి వెళ్లాడు. అంతే, స్క్రీన్ అడుగున వెడల్పాటి నీలం పట్టీ వచ్చి కూర్చుంది. అందులో వాతావరణం, క్రికెట్ స్కోరు, రాశిఫలం. జరిపితే జరగదు, మూస్తే మళ్లీ తెరుచుకుంటుంది. నువ్వు కళ్లద్దాలు పైకి తోసి చూసి అన్నావు: "ఇల్లు మనది, కరెంటు మనది, నడింట్ల వీడు మంచమేసుకున్నడేందిరా?"

ఆ తర్వాత మన వీధిలో ఊరేగింపు పోతుంటే కిటికీలోంచి చూస్తూ అన్నావు: "తెలంగాణ రానియ్, గీ పట్టీ గుడ పోతదిలే." రాష్ట్రం ఇంకా రాలేదు బాపూ. పట్టీ సంగతే చెబుదామని ఈ ఉత్తరం.

అసలు ఆ కంప్యూటర్ మీద నీకు మోజెందుకో మా అందరికీ తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ షాపులో నిలబడి ఊరందరికీ చీరలమ్మే మనిషివి. మన ఇంటి ఆడపిల్ల మాత్రం కొన్న చీరతో పీటల మీద కూర్చోకూడదు. అన్న గీయాలి, తమ్ముడు నేయాలి. మేనత్త పెళ్లికి తాతలు చేసిన పని అక్క పెళ్లికి నువ్వూ చిన్నబాపూ చేయాలి. గ్రాఫ్ కాగితం మీద గీసే చీరను నువ్వు కంప్యూటర్‌లో పెయింట్ అనే ప్రోగ్రాంలో గళ్లు తెరిచి గీశావు. ఆ గళ్లు చూసే కదా, నూలుకు ఎక్కడ ముడి వేయాలో ఎక్కడ రంగు అద్దాలో ఊళ్లో చిన్నబాపు లెక్క కట్టేది.

మరి ఉన్నట్టుండి గీయడం ఎందుకు మానేశావు? అడిగితే "చూద్దాంలే బిడ్డా" అన్నావు. చూసే లోపలే గుండె ఆగింది.

అక్కకు లగ్నం పెట్టుకున్నాక చిన్నబాపు బొమ్మ చూడ్డానికి వచ్చాడు. పై అంచు ఉంది, ఒళ్లంతా ఉంది, కింది అంచు ఉండాల్సిన చోట పట్టీ. ఎంత కిందకి జరిపినా అంతే. ఇంకేముంది, మధ్యలోనే ఆగిపోయిందనుకున్నారు. "అన్న గీయని అంచు నేను నేస్తనా? నాతోని కాదు వదినా," అని కళ్లు తుడుచుకుని ఊరికి పోయాడు. షాపులో కొందామని అమ్మ అన్నది. అక్క ఆ రోజు అన్నం తినలేదు.

నేను చీర కోసం కాదు, అమ్మ కోసం పట్టీ మీద యుద్ధం ప్రకటించాను. తీసేద్దామంటే పాస్‌వర్డ్ అడిగింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"నరసయ్య గారిని లైన్లోకి పిలవండి సార్."

"ఆయన పోయిండు మేడం."

"ఎప్పుడొస్తారు సార్?"

"పోయినోళ్లెవరూ టైం చెప్పి పోలేదు మేడం."

"ఓకే సార్. వచ్చాక ఒకసారి మాకు కాల్ చేయమనండి."

చేస్తావా బాపూ? నంబరు రాయనా?

తర్వాత వాళ్ల మనిషి ఇంటికే వచ్చి తీర్పు చెప్పాడు: "ఫార్మాట్ కొడదాం బ్రో, అన్నీ పోతయి, ఇది గుడ పోతది." అన్నీ అంటే నీ చీర కూడా. ఛాయ్ ఇచ్చి పంపించేశాం.

చివరికి ఇంజినీరింగ్ చదువు ఒక్కసారైనా పనికొచ్చింది. కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో లేపాను. అందులో ఈ పట్టీలాంటి అద్దెకొచ్చినవాళ్లెవరూ నిద్ర లేవరు. తీసెయ్ అన్నాను. పాస్‌వర్డ్ అడగలేదు గానీ, పోయే ముందు ఒక ప్రశ్న వేసింది. నరసయ్య గారూ, మమ్మల్ని వదిలి ఎందుకు వెళ్లిపోతున్నారు? స్పీడు చాలకా? ధర ఎక్కువైనందుకా? ఇల్లు మారినందుకా? ఏదో ఒకటి నొక్కితే తప్ప కదలదట.

'ఇల్లు మారాను' మీద నొక్కాను. అబద్ధం కాదు కదా?

మామూలుగా మళ్లీ ఆన్ చేశాను. గంట మోగలేదు. నీ బొమ్మ తెరిచి కిందకి జరిపాను...

అంచు అక్కడే ఉంది బాపూ. పూర్తిగా ఉంది. వరసగా చిలకలు, ఎర్ర ముక్కులు, ఒక్క గడి కూడా తప్పలేదు. పట్టీ రాకముందే గీసి పెట్టావు. అది పోలేదు, చెరగలేదు. దాని మీద వాడు కూర్చున్నాడు, అంతే.

అమ్మను పిలిచి చూపించాను. అప్పుడు చెప్పింది. నువ్వు ఒక పొద్దున ఫోన్‌లో "నా అంచు ఏడికి పాయె మేడం?" అని బతిమాలావట. ఏదో షాపు చీర సంగతనుకున్న అమ్మకు అది ఏ అంచో తెలియలేదు, ఫోన్ ఎత్తిన పిల్లకి అసలే తెలియలేదు. రీస్టార్ట్ చేయండి సార్ అన్నదట.

అందుకేనా, ఆఖరి రోజుల్లో కంప్యూటర్‌ను అన్నిసార్లు ఆర్పి ముట్టించావు? ప్రతిసారీ అంచు తిరిగొస్తుందనా? వచ్చింది నీకు స్వాగతం ఒక్కటేనా?

బొమ్మ ప్రింటు తీయించి బండి మీద ఊరికి తీసుకుపోయాను. ఆ రోజు తెలంగాణ బంద్. ఎల్‌బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. బండి ఆపేశారు. కాగితం చుట్ట విప్పి చూపించి మా అక్క పెళ్లి చీర అన్నాను. ఒక పెద్దాయన చిలకలను వేలితో తడిమి, "గియ్యి గీసినోడు మనోడే," అని కిచిడీ తినిపించి మరీ వదిలాడు. చిన్నబాపు చూసి గళ్లు లెక్కపెట్టుకున్నాడు. అప్పుడే అటక మీంచి నూలు దింపాడు.

ఇప్పుడది మగ్గం మీదుంది.

పెళ్లిలో అక్క ఏడడుగులు నడిచేటప్పుడు కింది అంచు నేలకు రాసుకుంటుంది కదా. పక్కనే ఉండి నేనే ఎత్తి పట్టుకుంటాను. ఈసారి దాని మీద ఎవరి కాలూ పడనియ్యను బాపూ.

నీ కొడుకు,
శీను
(కనెక్షన్ ఇంకా నీ పేరు మీదే ఉంది. ఫోన్ వస్తే ఎత్తకు.)