భోగ్యపు ఇంటి నుంచి హెలెన్‌కు

పుంగనూరు,
మంగళవారం.

చెల్లెలు హెలెన్‌కు, అన్న ఎబినేజర్ వందనాలు. అమ్మ బతికుంటే ప్రభువు పేరున మొదలుపెట్టమనేది. ఈ ఉత్తరంలో ఉన్న బుద్ధికి ఆ పేరు తగిలించడం న్యాయం కాదని వట్టి వందనాలతో సరిపెడుతున్నాను. ఇక్కడ నేనూ, మీ వదిన రాణీ క్షేమం. కుప్పంలో నువ్వు క్షేమమని నీ ఉత్తరం చెప్పింది. ఫోనులో అయితే ఇద్దరం గొంతులు పోయేదాకా వాదించుకుంటాం. నువ్వు కాగితం పట్టుకోవడమే మంచిదైంది.

అడిగినవాటికి జవాబులు. మదనపల్లెలో ఇళ్ల ధరలు నిజంగా తగ్గాయా అన్నావు. తగ్గాయి. బెంగళూరులో ఉద్యోగాలు ఊడినవాళ్లు చేతిలో డబ్బాడక అమ్ముకుంటున్నారు. టమాటా డబ్బుతో ప్లాట్లు కొన్నవాళ్లు రాళ్లు పాతిన బీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. నిన్నటిదాకా "ఇప్పుడు కొనకపోతే ఎప్పటికీ కొనలేరు" అని భయపెట్టిన బ్రోకర్లే ఇప్పుడు "ఇంతకన్నా తగ్గదు" అని భయపెడుతున్నారు. మనిషికి హక్కుగా ఉండాల్సిన నీడను అంగట్లో పెడితే, ఒకడి కొంప మునిగితే తప్ప ఇంకొకడికి కొంప దొరకదు. ఇరవై ఐదేళ్లుగా కరపత్రాల్లో రాస్తున్నది ఇదే. నువ్వు ఒక్కటీ చదవలేదని నాకు తెలుసు.

వాయిదా ఎంతదాకా భరించవచ్చు అన్నావు. జీతంలో మూడో వంతు దాటనివ్వకు. ఆరు నెలల వాయిదాలు పక్కన పెట్టుకున్నాకే సంతకం చెయ్యి. వడ్డీ మారే రకమైతే, రెండు శాతం పెరిగినా కట్టగలవా అని ముందే లెక్క వేసుకో. అప్పుతోపాటు బీమా అంటగడితే ఎందుకని నిలదీయి. బ్యాంకువాడు ఇస్తానన్నదంతా తీసుకోవడం పెళ్లి పంక్తిలో వడ్డించిందంతా తినడం లాంటిది. నొప్పి నీ కడుపుకే.

ఇక నీ ఆఖరి మాట. "కోర్టు కేసుండే ఇంట్లో పడకుండా కాపాడినావన్నా. శుక్రవారం గిరిబాబుకు వద్దని చెప్పేస్తా" అని రాశావు. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మదనపల్లెలో ఆ ఇల్లు చూసి రమ్మన్నావు, వెళ్లాను. బెంగళూరులో ఉద్యోగం పోయి వచ్చేసిన గిరిబాబు తానే తాళం తీశాడు. వాళ్ల నాన్న కట్టించిన ఇల్లు. రెండు గదులు, వెనక కరివేపాకు చెట్టు, వంటింటికి తూర్పున పెద్ద కిటికీ. ఆసుపత్రి క్వార్టర్సులో అమ్మ పొగకు దగ్గుతూ వండిన గది గుర్తొచ్చి నిలబడిపోయాను.

"హెలెన్ సిస్టర్‌కైతే ఇస్తానన్నా" అన్నాడు. "మా యమ్మ ఆపరేషనప్పుడు పక్కనే కూసోని సూసుకునింది. పలమనేరోళ్లు ఇంకా ఎక్కువిస్తామంటాండారు. అయినా వచ్చే వారం శుక్రవారం దాకా ఆయమ్మ మాట కోసరం ఆగతా."

"దానికి లోను యాడొస్తాదప్పా?" అన్నాను.

"శాంక్షనే అయిపోయిండాది గదన్నా! నీకు సెప్పలేదా?"

నువ్వు చెప్పలేదు. నీకు లోను పిలిచి ఇచ్చిన బ్యాంకులోనే లోను అడగబోతే యాభై నాలుగేళ్ల నన్ను కూర్చోమని కూడా అనలేదు. నాన్న రిటైరైన నెలలోనే క్వార్టర్సు ఖాళీ చేయమంటే, సామానంతా బండికెత్తింది నేను. ఆ మూటల మీద నవ్వుతూ కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లవు నువ్వు. నీ నర్సింగు ఫీజు కట్టింది నేను. ఇల్లు మాత్రం నీకు. హెలెన్, నాకు కడుపు మండింది. అందులో సిద్ధాంతం చిటికెడు కూడా లేదు. బస్సు పుంగనూరు చేరేలోగా కేసు పుట్టించాను, ఇంటికొచ్చి నీకు రాశాను. ఆ ఇంటి మీద ఏ కేసూ లేదు.

దాచింది ఇంకోటుంది. "మీ భోగ్యపు ఇల్లే మేలు, అప్పు లేదు, అద్దె లేదు" అని మెచ్చుకున్నావు. ఒకేసారి ఆరు లక్షలిచ్చి, మూడేళ్లు అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకునే ఈ పద్ధతిని బ్యాంకు అక్కర్లేని బతుకని మైకులో చెప్పినవాణ్ని నేను. ఇంటాయన, టమాటా పండించే మల్లప్ప, మా యూనియన్ మనిషి కదా అని స్టాంపు కాగితం మీద రాసుకుని ఊరుకున్నాను. రిజిస్టరు చేయించలేదు, వాకబు చేయలేదు. ఇల్లు అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉంది. వాయిదాలు ఆగిపోయి, ఇల్లు జప్తు చేస్తామని పోయిన నెల నోటీసు తెచ్చి మేముంటున్న తలుపుకే అంటించారు.

"నీ దుడ్డు నేను తిన్లేదన్నా, టమాటా తినింది" అన్నాడు మల్లప్ప. ఏడ్చాడు కూడా. నేను తిట్టలేకపోయాను.

రాణి నన్ను వదల్లేదు. "కామ్రేడంటే సాలునా? కాగితం సూసే పన్లేదా? ఊరికంతా ఇళ్ల గురించి సెప్తావు!"

ఆ నోటీసు చూసిన వారంలోనే గిరిబాబు ఇంటికి వెళ్లాను. ఇది సాకుగా తీసుకోకు. నీ ఉత్తరం రాణి కూడా చదివింది. "కేసుండాదని నీకెవురు సెప్పిరి?" అని అడిగింది. నా ముఖం చూడగానే అర్థమైపోయింది. "ఆ పిల్ల నిన్ను నమ్ముకోని ఉండాది. నువ్వు రాస్తావా, నన్ను ఫోన్ సేయమంటావా?" అంది. రాస్తానన్నాను.

నిన్న మదనపల్లె రిజిస్ట్రారు ఆఫీసులో ఆ ఇంటి ఇసి తీయించాను. ముప్పై ఏళ్లలో ఆ ఇల్లు ఎవరి పేరున ఉంది, దాని మీద ఏ తాకట్టుంది అని చెప్పే కాగితమది. తాకట్టు లేదు. కోర్టులో కూడా అడిగించాను, తగాదా లేదు. అయినా నా మాట మీద పోవద్దు. నీ వకీలుకు చూపించు. పోస్టును నమ్మి శుక్రవారం దాటించను. రేపు పొద్దున రాణి కుప్పం బస్సెక్కి ఈ కవరు నీ చేతికే ఇస్తుంది.

నువ్వు కొంటే సంతోషిస్తానని రాసి కొట్టేశాను. పైన ఆ కొట్టివేత కనిపిస్తుంది, చూడు. ఇంకా సంతోషం రాలేదు. వస్తుందో రాదో తెలియదు. దానికోసం నువ్వు ఆగొద్దు. వకీలు సరేనంటే గిరిబాబుకు తీసుకుంటున్నానని చెప్పు. కొత్తింటి ప్రార్థనకు పిలిస్తే వచ్చి వెనక వరసలో కూర్చుంటాను. పిలవకపోతే ఎందుకని అడగను.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన అన్న,
ఎబినేజర్.